బయట తినడం, బార్లో కూర్చోవడం: తరచుగా అడిగే ప్రశ్నలు

చదువయ్యాక రెండేళ్ళు ఒక పెద్ద రెస్టారెంట్లో సర్వర్‌గా పని చేశా, ప్లేట్లు మోశా, కస్టమర్ల చేత తిట్లు తిన్నా, లోపలికెళ్ళి షెఫ్ చేత ఇంకో రౌండ్ తిన్నా. ఆ తర్వాత ఆ ఉద్యోగం మానేసి డబ్బులిచ్చి కుర్చీలో కూర్చునే వైపుకి వచ్చేశా. అప్పట్నుంచి ఫ్రెండ్స్ ఎవరు సిటీలో డిన్నర్‌కి వెళ్ళాలన్నా, ఏదైనా కాక్‌టెయిల్ బార్‌కి మొదటిసారి వెళ్తున్నా నాకే మెసేజ్ పెడతారు. అడిగేవి కూడా అవే ప్రశ్నలు. ప్రతిసారీ వాయిస్ నోట్ పెట్టలేక ఒక్కచోట రాసి పెడుతున్నా.

బుక్ చేసుకునే వెళ్ళాలా, నేరుగా వెళ్ళిపోతే ఏమవుతుంది?

వారం మధ్యలో ఇద్దరే అయితే నేరుగా వెళ్ళిపోండి, చాలా చోట్ల దొరుకుతుంది. శుక్ర శనివారాలు, నలుగురు దాటిన గుంపు, ఎవరిదైనా పుట్టినరోజు అయితే మాత్రం బుక్ చేసుకోండి. రెస్టారెంట్లో ఎక్కువగా ఉండేవి ఇద్దరి టేబుళ్ళు, నలుగురి టేబుళ్ళు. ఆరుగురు చెప్పకుండా వచ్చారంటే రెండు టేబుళ్ళు ఒకేసారి ఖాళీ అవ్వాలి, అవి పక్కపక్కనే ఉండాలి, అందుకే గుంపులు గుమ్మం దగ్గర అంతసేపు నిలబడేది.

ఎనిమిదింటికి లేదు, ఆరున్నరకో తొమ్మిదింపావుకో రమ్మంటారు, ఎందుకు?

ఒక్కో టేబుల్ రాత్రికి రెండుసార్లు నిండితేనే చాలా చోట్ల లెక్క కిట్టుబాటవుతుంది. ఇద్దరు తిని లేవడానికి గంటన్నర, నలుగురికి రెండు గంటలు పడుతుంది అనుకుంటారు. ఆరున్నరకి ఒకళ్ళు, తొమ్మిదికి ఇంకొకళ్ళు కూర్చుంటే రెండు రౌండ్లు. అదే టేబుల్‌ని ఎనిమిదింటికి మీకిస్తే ముందు వాళ్ళకీ టైం చాలదు, తర్వాత వాళ్ళకి మరీ లేటవుతుంది, మొత్తం రాత్రికి ఒక్క రౌండే. అందుకే అందరూ అడిగే ఎనిమిది గంటల స్లాట్ వాళ్ళకి అన్నిటికంటే నష్టం. నా సలహా అయితే రెండో స్లాట్ తీసుకోండి, మీ తర్వాత ఆ కుర్చీ కోసం కాచుకుని ఎవరూ ఉండరు, లేవమని ఎవరూ తొందరపెట్టరు. మొదటి స్లాట్ తీసుకుంటే ఎప్పటికల్లా ఖాళీ చెయ్యాలో బుక్ చేసేటప్పుడే అడిగేయండి.

లోపల టేబుళ్ళు ఖాళీగా కనిపిస్తుంటాయి, అయినా బయటే ఆపేస్తారు. పొగరా?

ఒక్కోసారి పొగరే, కానీ చాలాసార్లు కాదు. వంటగదిలో స్టవ్‌లు ఇన్నే, చేతులు ఇన్నే. నలభై మందిని ఒకేసారి కూర్చోబెడితే నలభై ఆర్డర్లూ పది నిమిషాల్లో లోపల పడతాయి, ఇక అక్కణ్ణుంచి అందరికీ లేటే. అందుకే గుమ్మం దగ్గర ఉండే హోస్ట్ పావుగంటకి ఇన్ని టేబుళ్ళు అని లెక్క పెట్టుకుని వదులుతుంటారు. నేను పని చేసిన చోట ఒక శనివారం మేనేజర్ వాళ్ళతో వీళ్ళతో గొడవెందుకని ఏడున్నరకే అందర్నీ లోపలికి పంపేశాడు. తొమ్మిదిదాకా ఒక్క టేబుల్‌కీ మెయిన్ కోర్స్ వెళ్ళలా, నేను మంచినీళ్ళ జగ్ పట్టుకుని అన్ని టేబుళ్ళ చుట్టూ క్షమాపణలు చెప్తూ తిరిగా. బయట పది నిమిషాలు నిలబడటమే నయం.

లేటయితే?

ఫోన్ చెయ్యండి. ఎక్కువ చోట్ల పావుగంట చూసి టేబుల్ వేరేవాళ్ళకి ఇచ్చేస్తారు, కానీ ట్రాఫిక్‌లో ఉన్నాం ఇరవై నిమిషాలు పడుతుంది అని ఒక్క మాట చెప్తే అదే టేబుల్ అలాగే ఉంచుతారు.

బుకింగ్‌కే కార్డ్ నంబర్ అడుగుతున్నారు, ఇవ్వొచ్చా?

బుక్ చేసి రాకుండా ఎగ్గొట్టేవాళ్ళ వల్ల వచ్చిందే ఇది. కొందరు ఒకే రాత్రికి మూడు చోట్ల బుక్ చేసుకుని ఏది మూడ్ వస్తే అక్కడికి వెళ్తారు, మిగతా రెండు చోట్లా టేబుల్ ఖాళీ. చిన్న రెస్టారెంట్ అయితే రెండు టేబుళ్ళు ఖాళీ పోతే ఆ రాత్రి లాభం మొత్తం పోయినట్టే. కార్డ్ ఇవ్వండి, కానీ రెండు విషయాలు చూసుకోండి: ఎన్ని గంటల ముందు క్యాన్సిల్ చేస్తే డబ్బు కట్ అవ్వదు, కట్ అయితే మనిషికా టేబుల్‌కా. ముందే తీసుకునే డిపాజిట్ అయితే అది బిల్లులో తగ్గిస్తారా అనేది కూడా.

ఒక్కణ్ణే వెళ్తే అందరూ చూస్తారేమో అనిపిస్తుంది

ఎవరూ చూడరండీ, అందరూ ఫోన్లు చూసుకుంటూ ఉంటారు. ఒక్కరే వెళ్ళేటప్పుడు బార్ కౌంటర్ దగ్గర ఎత్తు స్టూల్ అడగండి. నా దృష్టిలో ఏ రెస్టారెంట్లో అయినా అదే బెస్ట్ సీటు, ఇద్దరం వెళ్ళినా నేను అదే అడుగుతా. బుకింగ్ లేకపోయినా తరచుగా దొరుకుతుంది, చాలా చోట్ల మెనూ మొత్తం అక్కడే తినొచ్చు, ఏదైనా కావాలంటే చెయ్యెత్తి ఊపక్కర్లా, ఎదురుగానే మనిషి ఉంటాడు. పని ఎలా జరుగుతుందో చూడటం ఒకటి ఫ్రీ.

స్టార్లు, రేటింగులు నమ్మొచ్చా?

మిషెలిన్ స్టార్ సంగతి ముందు. టైర్లు అమ్ముకునే కంపెనీ 1900లో కార్లున్నవాళ్ళకి ఒక గైడ్ పుస్తకం వేసింది, జనం ఎక్కువ తిరిగితే టైర్లు ఎక్కువ అరుగుతాయి కదా, అంత సింపుల్. స్టార్లు ఇవ్వడం 1926లో మొదలైంది, ఒకటి రెండు మూడు అనే వరస 1931లో వచ్చింది. మూడు స్టార్లంటే దానికోసమే ప్రత్యేకంగా ప్రయాణం పెట్టుకోవచ్చని, రెండంటే దారి మళ్ళి అయినా వెళ్ళొచ్చని. వాళ్ళు చెప్పేది ప్లేట్లో ఉన్నదాని గురించే, కుర్చీ మెత్తగా ఉందా, సర్వర్ నవ్వాడా అనేదానికి ఆ స్టార్‌తో సంబంధం లేదు. ఖర్చు తక్కువలో బాగుండేవాటికి బిబ్ గూర్మాన్ అని వేరే గుర్తు 1997 నుంచి ఇస్తున్నారు, మామూలుగా వెళ్ళి తినేవాళ్ళకి నన్నడిగితే స్టార్ కంటే అదే పనికొస్తుంది.

ఆన్‌లైన్ రేటింగుల్లో అయిదూ ఒకటీ ఇచ్చినవాళ్ళని వదిలేసి మూడు ఇచ్చినవాళ్ళు ఏం రాశారో చదవండి. అయిదు ఇచ్చినవాడు ఓనర్ స్నేహితుడు అయ్యుండొచ్చు, ఒకటి ఇచ్చినవాడికి పార్కింగ్ దొరక్కపోయుండొచ్చు, మూడు ఇచ్చినవాడు మాత్రం కూర్చుని ఆలోచించి రాస్తాడు. ఇంకో గుర్తు మెనూ సైజు. చిన్న వంటగది, పదిహేను పేజీల మెనూ, మూడు దేశాల వంటలు అంటే అందులో సగం ఫ్రీజర్లోంచే వస్తాయి.

టేస్టింగ్ మెనూ తీసుకోవాలా?

టేస్టింగ్ మెనూ అంటే షెఫ్ ఎంచిన చిన్న చిన్న ప్లేట్లు ఒకదాని తర్వాత ఒకటి రావడం. మూడు గంటలు కూర్చునే ఓపిక, పక్కన బోర్ కొట్టని మనిషి ఉంటే తీసుకోండి. ఆకలేసి వెళ్ళే రోజు వద్దు. చాలా చోట్ల టేబుల్ మీద అందరూ అదే తీసుకోవాలి అంటారు, ఎందుకంటే ఒకరికి ఎనిమిది చిన్న ప్లేట్లు వస్తుంటే ఇంకొకరు ఒక్క ప్లేట్ ముగించి గోడ చూస్తూ కూర్చోవాలి కాబట్టి.

అలర్జీ ఉంది, లేదా మాంసం తినను. ఎప్పుడు చెప్పాలి, ఎవరికి చెప్పాలి?

బుక్ చేసేటప్పుడు ఒకసారి, కూర్చున్నాక ఆర్డర్ ఇచ్చేముందు ఇంకోసారి. ఇది కాస్త పొడుగ్గా చెప్తా, ఎందుకంటే ఇందులో నేనే తప్పు చేశా.

చేరిన రెండో నెల అనుకుంటా, ఒక పెద్దావిడ కొడుకూ కోడలితో వచ్చారు. మెనూలో కూరగాయల సూప్ మీద వేలు పెట్టి, "ఇందులో మాంసం ఏం లేదు కదా బాబూ?" అని అడిగారు. పేరులోనే కూరగాయలు అని ఉంది కదా అని, "లేదమ్మా, అన్నీ కూరగాయలే" అనేశా, లోపలికెళ్ళి అడగలా. ఆవిడ సగం గిన్నె తాగారు. తర్వాత ఇంకో ప్లేట్ కోసం లోపలికి వెళ్తే మాటల్లో కుక్ చెప్పాడు, ఆ సూప్ అంతా స్టాక్‌తోనే, అంటే కోడి ఎముకలు మరిగించిన నీళ్ళతోనే కాస్తామని. కాళ్ళు చల్లబడ్డాయి. వెళ్ళి చెప్పా. కొడుకు అరిచాడు, అరవాల్సిందే కూడా. ఆవిడ మాత్రం ఏమీ అనలా, స్పూన్‌ని గిన్నెలోంచి తీసి న్యాప్‌కిన్ మీద బోర్లా పెట్టి, చేతులు ఒళ్ళో పెట్టుకుని కూర్చున్నారు. ఆ బోర్లా పెట్టిన స్పూన్ ఇప్పటికీ గుర్తొస్తుంది.

అందుకే "ఇందులో మాంసం ఉందా" అని కాదు, "స్టాక్ దేంతో చేశారు, ఒకసారి లోపల కనుక్కుని చెప్తారా" అని అడగండి. సర్వర్ వెంటనే "లేదు" అనేస్తే నమ్మకండి, లోపలికెళ్ళి వచ్చి "లేదు" అంటే నమ్మండి.

డ్రింకుల్లో అయితే ఇది ఇంకా ఎవరూ పట్టించుకోరు. బ్లడీ మేరీలో వేసే వూస్టర్ సాస్‌లో మామూలుగా ఆంకోవీ చేపలుంటాయి. విస్కీ సోర్, పిస్కో సోర్ మీద తెల్లటి నురగ గుడ్డు తెల్లసొన, అదీ పచ్చిది. మై టైలో వేసే ఆర్జా సిరప్ బాదంతో చేస్తారు, నట్ అలర్జీ ఉన్నవాళ్ళకి డేంజర్. కొన్ని ఎర్ర లిక్కర్ల రంగు కోచినీల్ అనే పురుగు నుంచి వస్తుంది. మెనూలో ఫ్యాట్ వాష్ అని కనిపిస్తే ఆ మందుని వెన్నలోనో పంది కొవ్వులోనో నానబెట్టి, గడ్డకట్టించి, కొవ్వు తీసేసి వడకట్టారని అర్థం. అన్నిటికంటే మోసం చేసేది క్లారిఫైడ్ మిల్క్ పంచ్, చూడ్డానికి నీళ్ళలా తేటగా ఉంటుంది కానీ పాలు విరగ్గొట్టి వడకట్టి చేసింది, పాల అలర్జీ ఉన్నవాళ్ళు దాని జోలికి పోకూడదు.

వైన్ తెచ్చి కొంచెం పోసి నా మొహం చూస్తారు, అప్పుడు ఏం చెయ్యాలి?

నచ్చిందా లేదా అని కాదు అడిగేది, పాడైందా లేదా అని. వాసన చూడండి, తడిసిన అట్టపెట్టె, పాత న్యూస్‌పేపర్ కట్టల వాసనొస్తే కార్క్ వల్ల పాడైన బాటిల్ అది, టీసీఏ అనే కాంపౌండ్ పని. "ఇది కార్క్ అయినట్టుంది, ఒకసారి చూస్తారా" అనండి, వాళ్ళే వాసన చూసి మారుస్తారు. అలాంటిదేం లేకపోతే తలూపండి చాలు, గ్లాసు అయిదు నిమిషాలు తిప్పి కళ్ళు మూసుకునే కార్యక్రమం అక్కర్లా.

బాటిలా గ్లాసా అంటే లెక్క ఇది: బాటిల్ 750 మిల్లీలీటర్లు, గ్లాసుకి 150 పోస్తే అయిదు గ్లాసులు వస్తాయి. ముగ్గురు తలో గ్లాసున్నర తాగేట్టుంటే బాటిల్ చెప్పండి. సలహా అడగాలంటే లిస్టులో ఒక రేటు మీద వేలు పెట్టి "ఇలాంటిది ఏదైనా చెప్పండి" అనండి, అవతలివాళ్ళకి మీ బడ్జెట్ అర్థమైపోతుంది, టేబుల్ మీద పైకి ఎవరూ డబ్బు మాట ఎత్తక్కర్లేదు.

కాక్‌టెయిల్ మెనూ చూస్తే ఒక్క ముక్క అర్థం కాదు

పేర్లు వదిలేయండి, పేర్లు వాళ్ళ సరదా. కింద చిన్న అక్షరాల్లో ఉండే పదార్థాలు చదవండి. 1806లో న్యూయార్క్ రాష్ట్రంలో హడ్సన్ అనే ఊళ్ళో ఒక పత్రికకి ఎవరో కాక్‌టెయిల్ అంటే ఏంటని రాస్తే ఎడిటర్ ఇచ్చిన జవాబు: మందు, పంచదార, నీళ్ళు, బిట్టర్స్ (చుక్కల్లో వేసే చేదు మూలికల సారం). అంతే. అదే ఇవాళ ఓల్డ్ ఫ్యాషన్డ్ పేరుతో అమ్ముతున్నారు.

మిగతావి చాలావరకు రెండు మూడు కుటుంబాలే. మందు, పులుపు, తీపి కలిస్తే సోర్: రమ్ము నిమ్మరసం పంచదార వేస్తే డైకిరీ, టెకీలా నిమ్మరసం ఆరెంజ్ లిక్కర్ వేస్తే మార్గరిటా, విస్కీ వేస్తే విస్కీ సోర్. మందుకి వర్మూత్ (మూలికలు వేసిన వైన్) కలిస్తే మార్టినీ, మాన్‌హాటన్, నెగ్రోని వైపు, ఇవి ఘాటుగా ఉంటాయి, జ్యూస్ ఉండదు. మందు మీద సోడానో టానిక్కో నింపితే హైబాల్. మెనూలో నిమ్మరసం కనిపించిందా, వర్మూత్ కనిపించిందా, సోడా కనిపించిందా చూసుకుంటే వచ్చేది ఏ టైపో సగం తెలిసిపోతుంది. ఇవేవీ చూసే ఓపిక లేకపోతే బార్‌టెండర్‌కి మూడు ముక్కలు చెప్పండి: ఏ మందు ఇష్టం, పుల్లగానా చేదుగానా, తేలిగ్గానా స్ట్రాంగ్‌గానా. "ఏదైనా మంచిది ఇవ్వండి" అంటే మాత్రం పాపం వాళ్ళకి ఏమీ చెప్పనట్టే.

కొన్ని షేక్ చేస్తారు, కొన్ని గరిటెతో తిప్పుతారు, తేడా ఏంటి?

జ్యూస్, గుడ్డు, క్రీమ్ ఉంటే షేక్. మందులు మాత్రమే ఉంటే తిప్పడం. షేక్ చేస్తే గాలి బుడగలు, సన్నటి ఐస్ ముక్కలు కలిసి మబ్బుగా అవుతుంది, సోర్‌కి అది బాగుంటుంది, మార్టినీకి బాగోదు.

ఒకసారి కౌంటర్ దగ్గర కూర్చుని ఒకమ్మాయి మార్టినీ చెయ్యడం చూశా. పొడుగాటి స్పూన్ వీపు గ్లాసు గోడకి ఆనించి, వేళ్ళ మధ్య నుంచి తిప్పుతోంది, ఐస్ మొత్తం ఒకే ముద్దలా తిరుగుతోంది గానీ చప్పుడే లేదు. మధ్యలో ఆపి ఒక స్ట్రా ముంచి, పైకొన వేలితో మూసి, నాలుగు చుక్కలు తీసి నాలిక మీద వేసుకుంది, తల అడ్డంగా ఊపి మళ్ళీ తిప్పడం మొదలుపెట్టింది. ఇంకా నీళ్ళు చాల్లేదన్నమాట. పూర్తయిన డ్రింకులో దాదాపు పావు వంతు కరిగిన ఐస్ నీళ్ళే ఉంటాయి, అది కల్తీ కాదు, రెసిపీలో భాగం, అది లేకపోతే గొంతులో మంట తప్ప రుచేమీ తెలీదు.

గ్లాసు నిండా ఐసే, మందు ఎక్కడుంది? మోసం కాదా?

కాదు. మందు కొలిచేది జిగ్గర్ అనే చిన్న కొలత కప్పుతో, ఐస్ ఎంత వేసినా పడే మందు అంతే. ఐస్ ఎక్కువుంటే చల్లగా ఉండి మెల్లగా కరుగుతుంది, రెండే ముక్కలేస్తే గబగబా కరిగి నీళ్ళవుతుంది. తేటగా అద్దంలా ఉండే పెద్ద ఐస్ గడ్డ కావాలంటే నీళ్ళని ఒక్కవైపు నుంచే మెల్లగా గడ్డకట్టించాలి, గాలీ మలినాలూ రెండోవైపుకి నెట్టుకుపోతాయి, ఆ చివరిభాగం కోసేస్తారు. ఆ పని కూడా మీ బిల్లులో ఉంటుంది.

నీట్, రాక్స్, అప్ అంటే?

నీట్ అంటే బాటిల్లోంచి నేరుగా గ్లాసులోకి, ఐసూ లేదు చల్లదనమూ లేదు. రాక్స్ అంటే ఐస్ మీద. అప్ అంటే ఐస్‌తో చల్లబరిచి, వడకట్టి, కాడ ఉన్న గ్లాసులో ఐస్ లేకుండా. అప్ తీసుకుంటే కాడ పట్టుకోండి, గిన్నె పట్టుకుంటే చేతి వేడికి పావుగంటలో వెచ్చబడిపోతుంది, వెచ్చని మార్టినీ అంత దరిద్రం ఇంకోటి లేదు.

కొత్త బార్ మంచిదో కాదో ఎలా తెలుసుకోవడం?

డైకిరీ చెప్పండి. ఉన్నవి మూడే, దాచడానికి ఏమీ ఉండదు. నిమ్మరసం పొద్దున పిండి పెట్టిందా అప్పుడే పిండారా, తీపి సరిగ్గా కొలిచారా, అన్నీ మొదటి గుక్కలోనే తెలిసిపోతాయి. రెండోది, వర్మూత్ బాటిల్ ఎక్కడ పెట్టారో చూడండి. వర్మూత్ అంటే వైనే, కాస్త ఆల్కహాల్ ఎక్కువ కలిపి మూలికలు వేసిన వైన్, తెరిచాక ఫ్రిజ్‌లో లేకపోతే కొన్ని వారాల్లో చచ్చిపోతుంది. వెనక అల్మరాలో లైట్ల కింద దుమ్ముపట్టిన వర్మూత్ కనిపిస్తే నేనైతే బీరు చెప్పి ఊరుకుంటా.

ఎన్ని తాగితే సరిపోతుంది? కాక్‌టెయిల్ కదా, తేలికే కదా?

ఇక్కడే అందరూ దెబ్బతినేది. లెక్క వేద్దాం. నెగ్రోనిలో జిన్, కాంపరి (చేదుగా ఉండే ఎర్ర లిక్కర్), స్వీట్ వర్మూత్ తలా 30 మిల్లీలీటర్లు. జిన్ 40 శాతం అనుకుంటే 12, కాంపరి 25 శాతం అనుకుంటే ఏడున్నర, వర్మూత్ 16 శాతం అనుకుంటే దాదాపు 5, మొత్తం 24 మిల్లీలీటర్ల అసలు ఆల్కహాల్, బరువులో 19 గ్రాములు. అయిదు శాతం ఉన్న 330 మిల్లీలీటర్ల బీరులో 13 గ్రాములు. అంటే ఆ చిన్న గ్లాసు ఒకటిన్నర బీరు. లాంగ్ ఐలాండ్ ఐస్డ్ టీ పేరు టీ గానీ అందులో అయిదు రకాల మందు 15 చొప్పున 75 మిల్లీలీటర్లు పడతాయి, అది దగ్గర దగ్గర రెండు బీర్లు, అదీ కోలా తీపిలో తెలీకుండా లోపలికి పోతుంది.

లివర్ గంటకి సుమారు 7 నుంచి 10 గ్రాములు మాత్రమే కరిగిస్తుంది. ఒక్క నెగ్రోని పోవడానికే రెండు నుంచి మూడు గంటలు. కాఫీ తాగినా, చన్నీళ్ళతో మొహం కడుక్కున్నా ఆ స్పీడ్ పెరగదు, మెలకువ వస్తుంది అంతే. ఎస్ప్రెస్సో మార్టినీ తాగి "నేను ఫ్రెష్‌గా ఉన్నా" అనే ఫ్రెండ్ చేతికి మాత్రం బండి తాళం ఇవ్వకండి, అసలు ఎంత తాగినా ఇవ్వకండి. ఖాళీ కడుపుతో మొదలుపెట్టకపోవడం ఒక్కటే పని చేసే చిట్కా, తిండి ఉంటే ఆల్కహాల్ పేగుల్లోకి మెల్లగా దిగుతుంది. ప్రతి డ్రింక్‌కి ఒక పెద్ద గ్లాసు నీళ్ళు తాగండి, కనీసం మెల్లగా తాగుతారు.

నేను తాగను, కాక్‌టెయిల్ బార్‌కి వెళ్తే బాగుంటుందా?

బాగుంటుంది. ఇప్పుడు చాలా బార్లలో ఆల్కహాల్ లేనివి కూడా అంతే శ్రద్ధగా చేస్తున్నారు. జ్యూస్ మీద జ్యూస్ పోసిన తియ్యటి మాక్‌టెయిల్ వద్దనుకుంటే "తీపి లేకుండా, చేదుగా పుల్లగా" అని చెప్పండి, టానిక్ ఆధారంగా ఏదైనా చేస్తారు. టానిక్‌లో క్వినైన్ ఉంటుంది కాబట్టి ఆ చేదు వస్తుంది, డాన్స్ ఫ్లోర్ ఉన్న చోట అల్ట్రావయొలెట్ లైట్ల కింద నీలంగా మెరుస్తుంది కూడా, పక్కవాళ్ళు మీదేదో స్పెషల్ డ్రింక్ అనుకుంటారు. చుక్క కూడా ఉండకూడదు అనుకుంటే బిట్టర్స్ వద్దని విడిగా చెప్పండి, అందులో ఆల్కహాల్ ఉంటుంది.

స్పీక్‌ఈజీ అని బోర్డు కూడా లేని బార్లు, లోపలికి వెళ్ళొచ్చా?

వెళ్ళొచ్చు, అది డ్రామా. అమెరికాలో 1920 నుంచి 1933 వరకు మద్య నిషేధం ఉన్నప్పుడు దొంగతనంగా నడిచిన బార్ల పేరది. ఇప్పటి మోజుకి మూలం చాలావరకు 1999 చివర్లో న్యూయార్క్‌లో సాషా పెట్రాస్కీ తెరిచిన మిల్క్ అండ్ హనీ, బయట బోర్డు లేదు, మర్యాదగా ఉండాలని రూల్స్ ఉండేవి. పెనిసిలిన్ అనే స్కాచ్ అల్లం తేనె డ్రింక్ పుట్టింది కూడా అక్కడే, 2005 ప్రాంతంలో సామ్ రాస్ చేతిలో. ఇప్పటి వాటిలో పుస్తకాల అర తోసుకుని లోపలికి వెళ్ళడం సరదాగానే ఉంటుంది కానీ తలుపు మీద పెట్టిన శ్రద్ధ గ్లాసులో ఉందా అనేది మళ్ళీ డైకిరీతోనే తేల్చుకోండి.

వంట బాగోలేదు, వెనక్కి పంపితే ఏమైనా అనుకుంటారా, అందులో ఉమ్మేస్తారని విన్నా?

రెండేళ్ళలో ఒక్కసారి కూడా అలాంటిది చూడలా. చల్లారిపోయినా, ఉడక్కపోయినా, చెప్పినదానికి వేరేది వచ్చినా రెండు ముద్దల్లోపు చెప్పండి, మార్చి ఇస్తారు. ప్లేట్ మొత్తం తినేసి చివర్లో బాగోలేదంటే ఎవరూ ఏమీ చెయ్యలేరు. నాకు నచ్చలేదు అనేది వేరు, వాళ్ళు తప్పు చేశారు అనేది వేరు, కానీ మొదటిదయినా మర్యాదగా చెప్తే చాలా చోట్ల వేరేది తెచ్చిస్తారు. ఇంటికెళ్ళి ఒక స్టార్ ఇవ్వడం కంటే అక్కడే నోరు తెరవడం నయం.

బిల్లు దగ్గర గొడవలు?

స్పెషల్స్ నోటితో చెప్తారు, రేటు చెప్పరు. అడగండి, సిగ్గుపడాల్సిన పనేం లేదు. మెనూలో రేటు బదులు మార్కెట్ ప్రైస్ అని ఉన్నా అంతే. నీళ్ళు బాటిల్ తెరిచేముందు మామూలు నీళ్ళు చాలని చెప్పండి. బిల్లు రాగానే సర్వీస్ చార్జ్ అనే లైన్ ఉందా చూడండి, ఉంటే టిప్ ఇచ్చినట్టే, మళ్ళీ పైన ఇవ్వాలా వద్దా అనేది మీ ఇష్టం, అక్కడి పద్ధతిని బట్టి.

పంచుకోవడం గురించి అయితే, తాగినవాళ్ళూ తాగనివాళ్ళూ కలిసి వెళ్తే డ్రింకుల బిల్లు విడిగా వెయ్యమని కూర్చోగానే చెప్పండి. చివర్లో తొమ్మిది మంది తొమ్మిది కార్డులు బయటికి తీస్తే సర్వర్ మొహం మీరు చూడరు గానీ నేను ఆ మొహం పెట్టినవాణ్ణి కాబట్టి చెప్తున్నా. ఒకరు కట్టేసి మిగతావాళ్ళు వాళ్ళకి పంపుకోవడమే ఉత్తమం.

మూసే టైం పదకొండు అని ఉంది, పదిన్నరకి వెళ్తే పెడతారా?

ముందు ఫోన్ చేసి లాస్ట్ ఆర్డర్ ఎన్నింటికో అడగండి, బోర్డు మీద ఉండేది చాలాసార్లు తలుపు మూసే టైం, వంటగది అంతకు అరగంటో ముప్పావుగంటో ముందే ఆగిపోతుంది. పదిన్నరకి వెళ్ళినా పెడతారు, కానీ లోపల అప్పటికే గ్రిల్ గీకుతుంటారు, స్టవ్‌లు కడుగుతుంటారు. ఆ టైంలో వెళ్తే త్వరగా అయ్యేదేదో చెప్పమని సర్వర్నే అడగండి. మేము అలా అడిగినవాళ్ళకి మిగిలిపోయిన డెజర్ట్ ఊరికే పెట్టేవాళ్ళం.